కోసేసిన వంత

శనివారం మధ్యాహ్నం మీకీ కారు తాత ఇంటి ముందు నుంచి వెళ్ళడం అది నాలుగోసారి. ఆగదు, అలాగని వెళ్ళిపోదు. పత్తి చేల చివరిదాకా పోతుంది, పాత జిన్నింగ్ మిల్లు దగ్గర తిప్పుకుంటుంది, మళ్ళీ వస్తుంది. అక్టోబరు నెల కాబట్టి రోడ్డుకు రెండు పక్కలా పత్తి పింజలు రాలి ఉన్నాయి, కారు వెళ్ళినప్పుడల్లా లేచి పడుతున్నాయి. వరండాలో కూర్చుని పికాన్ కాయలు పగలగొడుతున్న తాత, ఓథా లీ బ్రాస్‌ఫీల్డ్, తలెత్తి చూడలేదు. చూడకపోవడం ఏమిటి, నాలుగుసార్లూ చూశాడు. చూడనట్టు కూర్చోవడం ఆయనకు బాగా అలవాటైంది. ఏడు నెలలుగా ఆయన అదే పని మీద ఉన్నాడు.

కారులో పక్క సీటు మీద ఒక కాగితం ఉంది. దాని మీద ఆ ముసలాయన సంతకం కావాలి, అదీ సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపు. సంతకం లేదంటే మీకీకి పాట లేదు, అట్లాంటా కంపెనీ లేదు, జనవరిలో మొదలయ్యే ఇరవై రెండు ఊళ్ళ ప్రదర్శనలు లేవు. మళ్ళీ చేపల ఫ్యాక్టరీకి పోయి రబ్బరు బూట్లు తొడుక్కోవడమే. ఎందుకంటే ఊరూరా మోగిపోతున్న ఆ పాటలో అందరికంటే ముందు వినిపించే గొంతు మీకీది కాదు, తాతది. ఆయన్ని అడక్కుండా తీసుకుంది. అదీ ఎక్కడినుంచి, చర్చిలోంచి.

ఈ పిల్లకు పుట్టుకతోనే కుదురు లేదు. అసలు పేరు జమేకియా, అంత పొడుగు పేరు పిలిచేలోపే ఎటో పారిపోయేది కాబట్టి ఊరంతా మీకీ అన్నారు. తల్లి రోషెల్ పెద్ద లారీ నడుపుతుంది, నెలకు మూడు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. పెంచింది తాతే. జిన్నింగ్ మిల్లులో ముప్పై నాలుగేళ్ళు పత్తి ధూళి పీల్చి, సాయంత్రం ఇంటికొచ్చి మనవరాలి జుట్టు దువ్వి, తప్పులు తడకలుగా జడలు వేసేవాడు. ఆదివారం మాత్రం ఆయన డీకన్ బ్రాస్‌ఫీల్డ్. మౌంట్ నీబో చర్చిలో ముందు బల్ల మీద కూర్చునే సంఘ పెద్ద.

మీకీకి ఆదివారమంటే శిక్ష. మూడు గంటలు ఒకచోట కూర్చోవాలి. అయిదు నిమిషాలకే కాళ్ళు ఆడించేది, బల్ల కిందకి దూరేది, ముందువాళ్ళ టోపీల్లో ఈకలు లెక్కపెట్టేది. సిస్టర్ ఎర్నస్టీన్ అని, తెల్ల గౌను, తెల్ల చేతితొడుగులు వేసుకుని బల్లల మధ్య కాపలా తిరిగే పెద్దావిడ ఉండేది. ఇప్పటికీ ఉంది, ఆవిడకు ముసలితనం రాదు. ఒక చేత్తో పిల్లదాని నోట్లో పిప్పరమెంటు బిళ్ళ పెట్టేది, రెండో చేత్తో తొడ మీద గిల్లేది.

"నీ కాళ్ళల్లో ఏమన్నా చక్రాలున్నాయేంటే పిల్లా? ప్రభువు ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు కూర్చున్నాడు. నువ్వు ఒక్క గంట కూర్చోలేవూ?"

ఒక్కప్పుడు మాత్రం కూర్చునేది. తాత లేచి పాట ఎత్తుకున్నప్పుడు.

అది పుస్తకం చూసి పాడేది కాదు, పియానో ఉండదు. చదువురాని ముత్తాతల కాలం నాటి పద్ధతి. డీకన్ ఒక్కడే లేచి నిలబడి ఒక చరణం ఒకే ఊపిరిలో, సగం మాట సగం పాటగా విసురుతాడు. నాలుగు సెకన్ల పని. అప్పుడు చర్చి మొత్తం ఆ చరణాన్ని అందుకుని, సాగదీసి, ఎవరి గొంతు ఎటు పోతే అటు పోనిచ్చి, అర నిమిషంపైనే దాని మీదే నిలబడుతుంది. నేల చెక్కల మీద పాదాల చప్పుడే తాళం. ఆ వంత పూర్తయ్యాక డీకన్ రెండో చరణం అందిస్తాడు. మీకీకి నచ్చింది మొదటి ముక్కే. తాత గొంతులోంచి మాట తూటాలా వచ్చే ఆ నాలుగు సెకన్లూ ఒళ్ళు జలదరించేది. జనం వంత మొదలుపెట్టగానే మళ్ళీ కాళ్ళు ఆడించేది. కనీసం తాను చేసేది అంతేనని ఆమె అనుకునేది.

బళ్ళో అన్నం బల్ల మీద చెంచా వాయిస్తూ ర్యాప్ మాటలు అల్లేది. పద్దెనిమిదేళ్ళకు క్యాట్‌ఫిష్ చేపలు కోసే ఫ్యాక్టరీలో చేరింది. బెల్టు మీద చేపలు వస్తుంటాయి, కత్తి ఆడుతుంటుంది, నోరూ ఆడుతుంటుంది. పక్కనున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. సూపర్‌వైజరు మీద కట్టిన పాట ఆయన చెవిన కూడా పడింది. ఆయన నవ్వలేదు, వేరే షిఫ్టుకు మార్చాడు.

చిన్నప్పట్నించీ ఒకే బస్సులో బడికెళ్ళిన జార్విస్ అప్పటికే వాళ్ళమ్మ బ్యూటీ పార్లర్ వెనక గదిలో పాత పరుపులు గోడలకు కొట్టి స్టూడియో పెట్టాడు. అక్కడ పని జరిగే తీరు వేరు. కాగితం లేదు, కలం లేదు. మీకీ మైకు ముందు నిలబడి ఒక లైను చెబుతుంది. ఆపుతుంది. జార్విస్ అతికిస్తాడు. ఇంకో లైను. మళ్ళీ ఆపు. మధ్యలో ఊపిరి పీల్చిన చప్పుడు వినిపిస్తే జార్విస్ దాన్నీ కోసి పారేస్తాడు. చివరికి వినేవాళ్ళకు, అమ్మో ఈ పిల్ల ఊపిరి తీసుకోదా అనిపిస్తుంది. ఇప్పుడు ఆ వైపు కుర్రకారంతా ఇలాగే చేస్తారు, తప్పేం లేదు. కాకపోతే తన పాట ఒక్కటి కూడా మీకీ మొదట్నించి చివరిదాకా ఏకబిగిన పాడి ఎరగదు. స్టేజీ మీద వెనక నుంచి తన గొంతే మోగుతుంటే ముందు గెంతుతూ మధ్య మధ్యలో అందుకునేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆమె ఫోను బల్ల మీద పెట్టి రికార్డింగు నొక్కింది. ఎందుకు నొక్కిందో ఆమెకే తెలీదు. తాత ఆరోజు ఎత్తుకున్నాడు, "ఈ ఒడ్డున నిలిచి కేక వేసితి ప్రభూ" అని. సోమవారం అది విని జార్విస్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మొదటి చరణం కోశారు. దాని కింద డ్రమ్ము పడింది. వెంటనే మీకీ అందుకుంది.

"ఈ ఒడ్డు నాది కాదు, ఆ ఒడ్డు ఎవరిదో, బూట్లల్లో చేప నీళ్ళు, బుర్రలో బాటలెన్నో..."

"ఒసే, తాత చెప్పిన తర్వాత జనం సాగదీసే మూలుగు ఉందిగా, అది ఉంచనా?" అన్నాడు జార్విస్.

"తీసెయ్యి. అంతసేపు ఎవడు ఆగుతాడు?"

తీసేశాడు. పాట మార్చిలో బయటకొచ్చింది. మొదట మంగలి షాపుల్లో, కార్లు కడిగే చోట్ల మోగింది. తర్వాత ఆడపిల్లలు దానికి డాన్సులు కట్టారు. జూన్‌కల్లా జాక్సన్, ఆగస్టుకల్లా మెంఫిస్ రేడియో. మీకీ ఫ్యాక్టరీ మానేసింది. వారానికి మూడు ఊళ్ళు తిరగడం, కారులోనే తినడం, కారులోనే పడుకోవడం. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే పోవాలనిపిస్తుంది, పోయాక ఇక్కడికెందుకొచ్చానా అనిపిస్తుంది. ఊరు ఊరంతా భుజాన వేసుకుంది ఆమెను. తాత ఒక్కడే నోరు మూసుకున్నాడు.

తిట్టలేదు, కొట్టలేదు. తిట్టినా బాగుండేది. అన్నం పొయ్యి మీద ఉంది, తలుపు వేసుకో, అంతే మాటలు. మీకీ జార్విస్ వాళ్ళ పార్లర్ మీది గదిలోకి మారిపోయింది. ప్రదర్శనల డబ్బుతో పెద్ద టీవీ కొని తాతకు పంపితే, ఆయన డబ్బా విప్పకుండానే చర్చి వంటగదికి ఇచ్చేశాడు.

కారణం మీకీకి తెలుసు. తెలుసనే అనుకుంది. సరుకుల దుకాణంలో సిస్టర్ ఎర్నస్టీన్ పాల డబ్బాల దగ్గర పట్టుకుని ముఖం మీదే చెప్పింది.

"దేవుడి పాట పట్టుకెళ్ళి ఆడాళ్ళు నడుములూపే చోట పడేశావు. మీ తాతకు తల కొట్టేసినట్టయింది. తెలుస్తోందా?"

తెలిసింది. రోజూ తెలుస్తూనే ఉంది. ఇంతలో అట్లాంటా నుంచి కంపెనీ తరఫున హాలోవే అనే ఆయన ఫోను చేశాడు. అంతా బాగుంది, ఆ ముసలి గొంతుకు మాత్రం సంతకం కావాలన్నాడు. ఆయన ఒప్పుకోకపోతే ఫరవాలేదు, అలాంటిదే ఇంకో గొంతు పెడదాం అని ఎవరిచేతో పాడించి పంపాడు కూడా. మీకీ విన్నది. సుతిమెత్తగా, నున్నగా ఉంది. ఉప్పు వేయని గ్రిట్స్ జావ తిన్నట్టు ఉంది. వద్దంది. అయితే సోమవారం పన్నెండు లోపు కాగితం పంపమన్నాడు హాలోవే.

అయిదోసారి కారు ఆగింది.

"టైర్లు అరిగిపోతాయి," అన్నాడు తాత. ఏడు నెలల్లో అన్నం, తలుపు గురించి కాని మొదటి మాట అది.

మీకీ మెట్టు మీద కూర్చుంది, వెంటనే లేచింది. "తాతా, ఒక కాగితం ఉంది."

"కనపడతానే ఉంది."

"చదివి వినిపించనా?"

"చదువు. చదువుకున్నదానివి."

గబగబా చదివింది. ఆయన కాయ మీద కాయ పగలగొడుతూ విన్నాడు. మధ్యలో రెండుసార్లు దగ్గాడు.

"ఇంత రాశారు, అడిగాం అన్న ముక్క ఎక్కడా లేదే," అన్నాడు చివరికి.

"తప్పయింది తాతా."

"ఏది తప్పు?"

"చర్చి పాట తీసుకెళ్ళి ర్యాప్‌లో పెట్టడం. క్లబ్బుల్లో వేయడం."

తాత ఆమె వైపు చూశాడు. ఏడు నెలల తర్వాత సూటిగా చూశాడు. తర్వాత పెంకులు దులుపుకుని, "ఊఁ, ఇంకా తెలీలేదన్నమాట," అన్నాడు.

"ఏం తెలీలేదు? చెప్తే కదా తెలిసేది?"

"రేపు ఆదివారం. వచ్చి నా చోట నిలబడి పాట ఎత్తుకో. ఆ తర్వాత కాగితం సంగతి."

"నేనా? నాకు రాదు. నన్ను అందరి ముందూ నిలబెట్టి పరువు తీద్దామనా?"

"వేలమంది ముందు గెంతుతావంట. నలభైమంది ముసలాళ్ళు నిన్నేం చేస్తారమ్మడూ?"

"నువ్వే ఎత్తుకోవచ్చుగా?"

తాత ఇంకో కాయ తీసుకున్నాడు. "నేను చాలాసార్లు ఎత్తుకున్నాను," అన్నాడు.

పార్లర్ వెనక గదిలో జార్విస్ కథంతా విని తల పట్టుకోలేదు సరికదా, నవ్వాడు.

"దీనికింత గోల ఎందుకే? మీ తాత సంతకం మూడక్షరాలు. ఓ, ఎల్, బీ. చర్చి కాగితాల మీద చిన్నప్పట్నించీ చూస్తున్నాం. నువ్వు పెట్టినా తెలీదు, నేను పెట్టినా తెలీదు."

"నోరు ముయ్యరా."

"సర్లే, ఆలోచించు. సోమవారం మధ్యాహ్నం దాకా టైముంది."

మీకీ గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు పదిసార్లు తిరిగింది. తర్వాత కలం తీసుకుంది. తిండికని టేమేల్స్ చుట్టి తెచ్చిన కాగితం వెనక మొదటి అక్షరం రాసి చూసింది. అచ్చు తాత రాసినట్టే వచ్చింది, కింద కొంచెం తెరుచుకుని. ఆ పోలిక చూసి ఆమెకే భయం వేసింది. కలం విసిరేసింది.

"కుదరదురా."

"ఏం?"

"ఒకసారి అడక్కుండా తీసుకున్నాను. అది చాలు."

మిగతా సాయంత్రం ఆ నాలుగు చరణాలూ బట్టీ పెట్టడానికి చూసింది. చిన్నప్పట్నించీ విన్నవే, అయినా మూడోది దగ్గరకొచ్చేసరికి ఎగిరిపోతుంది. ఒక్కో ముక్కా చెప్పి ఆగడం అలవాటైన నోరు నాలుగు ముక్కలు వరసగా మోయలేకపోయింది. చెవిలో చిన్న యంత్రం పెట్టుకో, నేను బయటనుంచి అందిస్తాను అన్నాడు జార్విస్. ఆమె వాడి మీద దువ్వెన విసిరింది.

ఆదివారం మౌంట్ నీబోలో నలభైమంది లేరు, ముప్పై ఆరు మంది ఉన్నారు. మీకీ లెక్కపెట్టింది. కిటికీలు తెరిచినా ఉక్కగానే ఉంది. అట్ట విసనకర్రలు ఊగుతున్నాయి. ప్రార్థన అయ్యాక తాత ముందు బల్ల మీద నుంచి లేవకుండా, చేత్తో ఆమెకు సైగ చేశాడు. మీకీ నడుచుకుంటూ ముందుకు వచ్చింది. దారిలో సిస్టర్ ఎర్నస్టీన్ తెల్ల చేతితొడుగు ఆమె మోచేతిని ఒక్క క్షణం పట్టుకుంది.

"కాళ్ళు నేలకి ఆనించి నిలబడు. రెండూ."

నిలబడింది. ఇక ఆలస్యం చేస్తే పారిపోతానని తెలిసి, మొదటి చరణం విసిరేసింది.

"ఈ ఒడ్డున నిలిచి కేక వేసితి ప్రభూ."

బాగానే వచ్చింది. తాత విసురు కొంచెం వచ్చింది కూడా. కుడివైపు ఆడవాళ్ళలోంచి ఎర్నస్టీన్ గొంతు ముందుగా లేచింది, దాని వెనక మిగతావి. పాదాలు చెక్కల మీద పడ్డాయి. మీకీ మనసులో లెక్క పెట్టుకుంది. ఎనిమిది, తొమ్మిది, పది. ఇంక చాలనుకుంది. రెండో చరణం విసిరింది.

"ఆ ఒడ్డున ఉన్నవాడా, ఆలకించుము."

ఎవరూ అందుకోలేదు. అందరూ ఇంకా మొదటి చరణం మీదే ఉన్నారు. ఆమె మాట ఆ గొంతుల కింద పడి ఎటు పోయిందో కూడా తెలీలేదు. మళ్ళీ విసిరింది, ఈసారి గట్టిగా. అదీ పోయింది. చెమట కణతల మీంచి మెడలోకి దిగింది. ఒక కాలు దానంతటది కదలడం మొదలుపెట్టింది. మూడోసారి నోరు తెరవబోతుంటే ఎర్నస్టీన్ పాట మధ్యలోనే, రాగం వదలకుండానే, ఆమెకు మాత్రం వినిపించేలా అన్నది.

"నిదానం బిడ్డా. మేమింకా ఇక్కడే ఉన్నాం."

మీకీ నోరు మూసింది. ఏమీ చేయకుండా జనం ముందు నిలబడటం ఆమెకు జీవితంలో అదే మొదలు. స్టేజీ మీద గెంతడం, అరవడం, చేతులూపడం, నీళ్ళు చల్లడం ఏదో ఒకటి ఉంటుంది. ఇక్కడ వినడం తప్ప పని లేదు. విన్నది. గొంతులు ఒక్కొక్కటే సన్నబడ్డాయి. ఆడవాళ్ళవి ముందు దిగాయి. వెనక బల్ల మీద ఎవరిదో లావు గొంతు ఒక్కటే మిగిలింది, అదీ దిగింది. పాదాల చప్పుడు మాత్రం ఆగలేదు. అందరూ ఆమె వైపు చూశారు. అప్పుడు ఇచ్చింది రెండో చరణం. చర్చి దాన్ని రెండు చేతులా అందుకుంది.

మూడోది మర్చిపోయింది. అనుకున్నంతా అయింది. ఏం చేయాలో తెలీక తాత వైపు చూసింది. తాత పెదవులు కదులుతున్నాయి, చెయ్యి ఛాతీ మీద ఉంది, గొంతులోంచి ఏమీ రావడం లేదు. గాలి మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తోంది. నాకు అందించడం లేదనుకుంది మొదట. తర్వాత అర్థమైంది, ఆయన అందించలేకపోతున్నాడు. అప్పుడే పక్కనుంచి ఎర్నస్టీన్ మూడో చరణం మొదటి మాట మెల్లగా అన్నది. మీకీ పట్టుకుంది. నాలుగోది తనే చెప్పుకుంది.

పాట అయిపోయాక ఎవరూ మెచ్చుకోలేదు. ఎర్నస్టీన్ వచ్చి అరచేతిలో పిప్పరమెంటు బిళ్ళ పెట్టి వెళ్ళిపోయింది.

చర్చి బయట తాత పాత ట్రక్కులో కూర్చున్నారిద్దరూ. తాళం తిప్పలేదు. తాత చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఎప్పట్నించి?" అంది మీకీ.

"ఈస్టర్ ముందు నుంచి. ఒక చరణం నిండా గాలి నిలవడం లేదు. మిల్లు ధూళి ఎక్కడికి పోతుంది? నీ ఫోనులో పడిందే, అదే నేను మొదటినించీ చివరిదాకా ఎత్తుకున్న ఆఖరి పాట."

ఏడు నెలలు. తాను ఊళ్ళు పట్టుకు తిరిగిన ఏడు నెలలూ ఆయన ఇక్కడ గాలి కోసం తన్నుకుంటున్నాడు.

"నాకు చెప్పొచ్చుగా తాతా."

"చెప్దామనే అనుకున్నా. ఇంతలో ఒక రోజు పెట్రోలు బంకులో నేనే ట్రక్కులో పోసుకుంటున్నాను. పక్కన కుర్రాళ్ళ కారులోంచి నా గొంతు వచ్చింది. నిజం చెప్తున్నా, మంచిగా అనిపించింది. గొంతు పోతోంది, పోనీ ఎక్కడో ఒకచోట ఉందిలే అనుకున్నా."

"మరి?"

"ఆగాను. జనం అందుకుంటారని పైపు చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఎవరూ అందుకోలేదు. డ్రమ్ము వచ్చింది." ఆయన దగ్గాడు. "యాభై ఏళ్ళు ఎత్తుకున్నానమ్మడూ. ఒక్కసారీ నా కేక ఒంటరిగా పడి ఉండలేదు. ఇప్పుడేమో రోజుకి ఎన్ని వేలసార్లు వేస్తారో, అన్నిసార్లూ నేను ఒడ్డున నిలబడి పిలుస్తానే ఉన్నాను. పలికేవాడు లేడు. నా వాళ్ళందరినీ తీసి పారేశావు నువ్వు."

క్లబ్బు కాదు, నడుములు కాదు. అంతసేపు ఎవడు ఆగుతాడు అని తన నోటితో తానే అన్న మాట మీకీకి గుర్తొచ్చింది. ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. తాత ఏడవనిచ్చాడు.

కాసేపటికి ముక్కు తుడుచుకుని ఫోను తీసింది. "ఉంది తాతా. ఆ రోజుది మొత్తం ఉంది. మూడు నిమిషాలు."

"కోయనిదా?"

"కోయనిది. నేనూ వినలేదు. మొదటి ముక్క తీసుకుని వదిలేశాను."

ఫోను ట్రక్కు ముందు గూట్లో పెట్టి నొక్కింది. ఈ ఒడ్డున నిలిచి కేక వేసితి ప్రభూ. నిండు గొంతు. తాత కళ్ళు మూసుకున్నాడు. తర్వాత వంత మొదలైంది, చిన్న ఫోనులోంచి ట్రక్కు అంతా నిండింది.

"ఎర్నస్టీన్. ఎప్పుడూ ఒక అడుగు ముందే ఉంటుంది, ఆగలేదు ఆ మనిషి," అన్నాడు తాత. ఇంకొంచెం విని, "ఆ లావు గొంతు క్లియోఫస్‌ది. జూన్‌లో పాతిపెట్టాం వాణ్ణి," అన్నాడు.

అన్ని గొంతుల కంటే దగ్గరగా, ఫోనుకు ఆనుకునే ఒక ఆడగొంతు సాగుతోంది. గట్టిగానే ఉంది. ఎక్కడా తొందర లేదు. చరణం చివరి దాకా పోయి, అందరి తర్వాత దిగింది.

"ఇదెవరు?" అంది మీకీ.

తాత కళ్ళు తెరిచి ఆమెను వింతగా చూశాడు. "ఎవరేమిటి, నువ్వే. ఫోను పక్కన కూర్చున్నది నువ్వేగా. నాలుగేళ్ళప్పట్నించీ అట్లాగే అందుకుంటావు. కాళ్ళు ఆడిస్తూనే అందుకునేదానివి."

మీకీ ఆ గొంతు విన్నది. తనదే. తనకు తెలీకుండా ఇన్నేళ్ళూ తాతకు పలుకుతూనే ఉంది. తీసెయ్యి అన్నప్పుడు తాను తనని కూడా కోయించుకుంది.

రికార్డింగు ఆపి, ఆ ఫోనుతోనే హాలోవేకు చేసింది. ఆదివారమైనా ఎత్తాడు. సంతకం అయిందా అన్నాడు.

"అవ్వాలంటే ఒకటుంది. పాట మొదట్లో తాత తర్వాత చర్చి వంత మొత్తం ఉంటుంది. ముప్పై ఎనిమిది సెకన్లు. కోయడానికి వీల్లేదు."

"ముప్పై ఎనిమిదా? జమేకియా, అయిదు సెకన్లలో జనం పక్క పాటకు పోతారు. అంతసేపు ఎవరాగుతారు?"

మీకీ జవాబు చెప్పలేదు. ఇంకో రోజైతే నూరు మాటలు దొర్లేవి. కాళ్ళు రెండూ ట్రక్కు నేలకు ఆనించి, ఆగింది. అవతల హాలోవే హలో అన్నాడు, మళ్ళీ హలో అన్నాడు. చివరికి, "పంపించు, వింటాను. ఒప్పుకున్నానని కాదు," అన్నాడు.

"ఒప్పుకుంటేనే కాగితం వస్తుందండీ," అని పెట్టేసింది.

తాత చెయ్యి చాచాడు. "కలం ఉందా?"

"వాళ్ళు ఒప్పుకోలేదు తాతా. ఒప్పుకోకపోవచ్చు కూడా. మళ్ళీ చేపలే కోయాల్సి వస్తుందేమో."

"వాళ్ళ కోసం కాదులే. నువ్వు అడిగావు కదా."

ఆమె కలం ఇచ్చింది, ఫోను మళ్ళీ నొక్కింది. పాట ఆగినచోట నుంచి అందుకుంది. తాత కాగితాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. మూడక్షరాలతో సరిపెట్టలేదు. ఓథా లీ బ్రాస్‌ఫీల్డ్ అని పేరంతా, ఒక్కో అక్షరం దిద్దుతూ రాశాడు. చాలాసేపు పట్టింది. మీకీ తొందరపెట్టలేదు. ఆయన చివరి అక్షరం దగ్గరుండగా ఫోనులో నాలుగో చరణం వచ్చింది, ఇద్దరూ అందుకున్నారు. తాత గాలి సగంలోనే అయిపోయింది. మిగతా సగం ఆమె చివరిదాకా పాడింది.